టీచరు గారిని అడగండి: ప్యానెల్ వెలిగింది, తరగతి మూగబోయింది

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ. బడికి పెద్ద తెర వచ్చింది, ట్యాబులు వచ్చాయి, శిక్షణ కూడా అయింది. పిల్లలు కలిసి నేర్చుకోవడం మాత్రం మొదలు కాలేదు. అందుకని పరీక్షల భయాలు, చేతిరాత, హోంవర్కు గొడవల ఉత్తరాలను వచ్చే నెలకు వాయిదా వేసి ఈసారి ఈ ఒక్క విషయమే తీసుకున్నాను. కొందరు పేరు వేయవద్దన్నారు. ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: టీచరు గారూ, నేను ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా తొమ్మిదో తరగతి గదిలో గోడకు ప్యానెల్, అదే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర, బిగించారు. ఒక పూట శిక్షణ ఇచ్చారు. ఎలా వెలిగించాలి, పెన్ను రంగు ఎలా మార్చాలి, వీడియో ఎలా పెట్టాలి అన్నీ వచ్చేశాయి. ఇప్పుడు రోజూ వీడియో పెడుతున్నాను. పిల్లలు సినిమా చూస్తున్నట్టు చూస్తున్నారు. ప్రశ్న అడిగితే నేల చూపులు. సుద్దముక్కతో చెప్పినప్పుడే నయం. తిరిగి నల్లబల్లకే వెళ్లిపోనా?
— గణిత ఉపాధ్యాయిని, విజయనగరం జిల్లా

వెళ్లకండి. మీకు యంత్రం సంగతి చెప్పారు, తరగతి సంగతి ఎవరూ చెప్పలేదు. అది మీ లోపం కాదు. అయితే ఇంకో శిక్షణ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈ విద్యా సంవత్సరం గడిచిపోతుంది. రేపటికి ఒక్క పాఠం తీసుకుందాం.

తొమ్మిదో తరగతిలో చతుర్భుజాలు ఉన్నాయి కదా, అందులో మధ్యబిందు సిద్ధాంతం: త్రిభుజంలో రెండు భుజాల మధ్యబిందువులను కలిపే గీత మూడో భుజానికి సమాంతరం, పొడవులో దానికి సగం. ప్యానెల్‌లో జియోజీబ్రా ఎక్కించుకోండి. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన, గణితం బొమ్మలు గీసి లాగి చూసుకునే సాఫ్ట్‌వేర్ ఇది. బడిలో వాడుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఒకసారి ఎక్కించుకుంటే తరువాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఎక్కించారు సరే, వెంటనే వెలిగించకండి. మొదటి పావుగంట తెర నల్లగానే ఉండాలి.

పిల్లలను నలుగురేసి కూర్చోబెట్టండి. జట్టుకు ఒక తెల్లకాగితం, ఒక స్కేలు, ఒక పెన్సిలు. ఒక్కటే సుమా! నాలుగు పెన్సిళ్లు ఇస్తే నాలుగు బొమ్మలు వస్తాయి, మాట ఒక్కటీ రాదు. ఎంత వంకరగా వీలైతే అంత వంకరగా ఒక చతుర్భుజం గీయమనండి. నాలుగు భుజాల మధ్యబిందువులు గుర్తించి వరుసగా కలపమనండి. లోపల ఇంకో బొమ్మ పడుతుంది. దాని ఎదురెదురు భుజాలు కొలవమనండి. ఆ తరువాత పక్క జట్టు కాగితం చూసి రమ్మనండి. బయటి బొమ్మలకు ఒకదానితో ఒకదానికి పోలికే ఉండదు. లోపల మాత్రం అందరికీ సమాంతర చతుర్భుజమే. ఏదో ఒక జట్టుకు రాదు. వాళ్లు మధ్యబిందువు సరిగా పెట్టి ఉండరు. 'మీది తప్పు', 'కాదు, మీ స్కేలు తప్పు' అని వాదన మొదలవుతుంది. మీరు జోక్యం చేసుకోకండి, మళ్లీ కొలుచుకోనివ్వండి. ఇది వారిన్యోన్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడి పేరు మీద 1731లో అచ్చయిన సిద్ధాంతం. ఆ సంగతి పీరియడు చివర చెప్పవచ్చు, ముందు చెబితే కొలిచేవాడు ఉండడు.

ఇప్పుడు తెర వెలిగించండి. అదే బొమ్మను జియోజీబ్రాలో ముందే గీసి పెట్టుకోండి. ఒక శీర్షాన్ని వేలితో పట్టి లాగితే బయటి బొమ్మ ఎటు పడితే అటు సాగుతుంది, లోపలిది తన రూపం మార్చుకుంటూనే సమాంతర చతుర్భుజంగా నిలబడుతుంది. కాగితం మీద జట్టుకు ఒక్క బొమ్మే కనిపించింది. ఇక్కడ నిమిషంలో వంద కనిపిస్తాయి. యంత్రం చేసే మేలు అంతవరకే, కానీ అది చిన్న మేలు కాదు.

లాగనిచ్చే ముందు ఒక ప్రశ్న వేయండి: లోపలి బొమ్మ దీర్ఘచతురస్రం కావాలంటే బయట ఏం జరగాలి? జట్టు జట్టుగా మాట్లాడుకోవాలి, తమ ఊహను ఒక వాక్యంగా రాయాలి, నలుగురూ సంతకం పెట్టాలి. సంతకాలు లేని జట్టుకు తెర దగ్గరకు రావడానికి వీల్లేదు. రాసింది తప్పయితే తెర మీద అందరి ముందూ తేలిపోతుంది. తప్పు నలుగురిది కనుక ఏ ఒక్కరికీ తలవంపులు ఉండవు.

ఇంకో నియమం. తెర మీద వేలు పెట్టినవారు నోరు మెదపకూడదు. ఏం చేయాలో బెంచీలో ఉన్న ముగ్గురూ చెప్పాలి. 'ఆ చివర లాగు, ఈ చివర కాదు' అంటే అక్కడున్నవారికి ఏమీ బోధపడదు. అప్పుడు శీర్షం, కర్ణం, ఎదుటి భుజం అనే మాటలు అవసరం కొద్దీ నోట్లోంచి వస్తాయి. గణితంలో మీరు ఏడాది పొడవునా నిర్వచనాలు బట్టీ పట్టించినా రాని మాటలు అవి. చివరికి ఎవరో ఒకరు కర్ణాలు గీసి చూడమంటారు. ఎవరూ అనకపోతే మీరే అనండి, నష్టం లేదు. కర్ణాలు ఒకదానికొకటి లంబంగా ఉంటే లోపల దీర్ఘచతురస్రం. కర్ణాల పొడవులు సమానమైతే సమచతుర్భుజం. రెండు షరతులూ కలిస్తే ఏమవుతుందన్నది మర్నాటికి అట్టే పెట్టండి. ఈలోగా ఒక కొంటె పిల్లవాడు శీర్షాన్ని లోపలికి తోసేసి 'ఇప్పుడు?' అంటాడు. ఆపకండి. మధ్యబిందువుల బొమ్మ కొంత బయటకు పొడుచుకు వస్తుంది తప్ప సమాంతర చతుర్భుజం కాకుండా పోదు. ఆ రోజు తరగతిలో అందరికన్నా బాగా గుర్తుండిపోయేది వాడి అల్లరే.

వీడియోలు వద్దనడం లేదు. మూడు నాలుగు నిమిషాలకు మించనివ్వకండి. మధ్యలో ఆపి, తరువాత ఏం జరుగుతుందో ముందు ఎవరికి వారు ఆలోచించి, పక్కవారికి చెప్పి, ఆపైన అందరికీ చెప్పమనండి. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించిన మూడు మెట్ల పద్ధతి ఇది. మీ సైన్సు మాస్టారికి కూడా ఒక మాట చెప్పండి. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ అనే, తెర మీదే కదిపి చూసుకునే సైన్సు ప్రయోగాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, తెలుగులో ఉన్నవీ ఉన్నాయి. వాటికీ ఇదే నియమం: ముందు ఊహ, సంతకాలు, ఆ తరువాతే తెర.

ప్రశ్న: మా బడిలో ప్యానెల్ లేదు, ట్యాబులు లేవు. నా ఫోను ఉంది, అందులో నెట్ ఉంది. తరగతిలో నలభై మంది. వీటితో ఏమైనా అవుతుందా?
— భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా

అవుతుంది, మాస్టారూ. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది. దానితో పిల్లలకు కావలసింది ఒక్కో అట్టముక్క. ఒక్కో అట్ట మీద ఒక్కో రకం నలుపు తెలుపు గుర్తు ముద్రించి ఉంటుంది. అట్టను ఏ వైపు పైకి పట్టుకుంటే ఆ జవాబు: ఎ, బి, సి, డి. మీరు ఫోను కెమెరాను తరగతి మీదుగా ఒకసారి తిప్పితే ఎవరు ఏ జవాబు పట్టుకున్నారో ఫోనులో పడుతుంది. పక్కవాడి అట్ట చూసి కాపీ కొడదామన్నా గుర్తులు వేరు కనుక కుదరదు.

అసలు పని దాని తరువాత ఉంది. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి అత్యంత ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత అని అడగండి. సగం మంది సున్నా అంటారు. అక్కడ సున్నా అయ్యేది వేగం. గురుత్వ త్వరణం ఎక్కడికీ పోదు. ఈ సంగతి మీరు చెప్పకండి. జవాబుల లెక్క నల్లబల్ల మీద రాసి, తనతో విభేదించినవారిని వెతుక్కుని రెండు నిమిషాలు వాదించుకోమనండి. ఆపైన మళ్లీ అట్టలు ఎత్తమనండి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఆచార్యుడు 1991 నుంచి భౌతికశాస్త్ర తరగతుల్లో చేస్తూ వచ్చింది ఇదే. రెండోసారి లెక్క మారడం పిల్లలు కళ్లారా చూస్తారు. గది గోలగా ఉంటుంది. హెడ్‌మాస్టారికి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా బడిలో ఉపాధ్యాయుల్లో సగం మంది యాభై దాటినవాళ్లం. శిక్షణలకు వెళ్లి వచ్చాం, ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేశాం, సర్టిఫికెట్లు ఉన్నాయి. తరగతిలో యంత్రం ముట్టుకోవాలంటే మాత్రం చేయి రాదు. ఒక కుర్ర ఉపాధ్యాయుడు ఉన్నారు, ప్రతిదానికీ ఆయననే పిలుస్తాం. ఇలా ఎన్నాళ్లు?
— ప్రధానోపాధ్యాయులు, నల్గొండ జిల్లా

ముందు ఆ కుర్ర మాస్టారిని కాపాడండి. ఆయన పీరియడ్లు ఆయన చెప్పుకోవాలి కదా! ఇక మీదట ఎవరు పిలిచినా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి, నోటితోనే చెప్పాలి. ఆయన వేళ్లు కదిలినంత కాలం మీ వేళ్లు కదలవు.

శిక్షణల సంగతి నాకు కొత్త కాదు. 1980లలో, 90లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ సాయంతో అపెప్ అనే ప్రాథమిక విద్యా పథకం నడిచింది. మీలో పెద్దవారికి గుర్తుండవచ్చు. జట్టు పని, పిల్లలు చేసినవి గోడలకు తగిలించడం, టీచర్ సెంటర్లలో మేమంతా కూడి మాట్లాడుకోవడం దానికి ఆయువుపట్లు. ఆ శిక్షణలో మమ్మల్ని జట్లుగా నేల మీద కూర్చోబెట్టి, బయటికి పంపి ఆకులు ఏరుకు రమ్మని, వాటిని ఎన్ని రకాలుగా వర్గీకరించవచ్చో తేల్చమన్నారు. ఈనెల చీలిన తీరు చూసి విడదీయాలని ఒకరు, అంచులు చూడాలని ఒకరు, వాసన చూడాలని ఒకావిడ. పెద్దవాళ్లం పిల్లల్లా పోట్లాడుకున్నాం. సోమవారం బడికి వెళ్లి అదే పని పిల్లలతో చేయించడానికి మాకు ఏ కాగితమూ అవసరం కాలేదు. ఇప్పటి డిజిటల్ శిక్షణల్లో నేను కూర్చున్నవాటిలో ఈ భాగమే కనిపించడం లేదు. హాలులో వందమంది, ఎదురుగా ప్రొజెక్టర్, బృంద అభ్యసనం ప్రయోజనాల మీద రెండు గంటల ఉపన్యాసం. ఆ వందమందిలో ఒకరు పక్కవారితో మాట్లాడితే 'సైలెన్స్ ప్లీజ్'.

2019లో కేంద్రం టీచర్ల కోసం మొదలుపెట్టిన నిష్ఠ శిక్షణ కోర్సులు మరుసటి ఏడాది దీక్షా అనే ఆన్‌లైన్ వేదిక మీదకు వచ్చాయి. వాటిలో సరుకు ఉంది. రాత్రి పదింటికి వంటగది సర్దుకుంటూ ఒంటరిగా ఫోనులో చూస్తే మాత్రం ఏ కోర్సయినా సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతుంది. అందుకని ఈ నెల ఒక కోర్సులో ఒక్క భాగాన్ని స్టాఫ్ రూములో అందరూ కలిసి చూడండి. ప్రతి అయిదు నిమిషాలకు ఆపి, 'మన ఏడో తరగతిలో ఇది సాగుతుందా' అని వాదించుకోండి. సాగదు అన్నవారి మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి. ఎందుకు సాగదో వాళ్ల దగ్గర కారణాలు ఉంటాయి.

తరువాత ఇద్దరిద్దరుగా జతలు కట్టండి. భౌతికశాస్త్రం మాస్టారిని తెలుగు టీచరుతో కలపండి, ఒకే సబ్జెక్టు వాళ్లను కలపవద్దు. ఇద్దరూ కలిసి ఒక పాఠం తయారు చేస్తారు. ఒకరు చెబుతారు, రెండోవారు వెనక బెంచీలో గడియారం పెట్టుకుని ఒక్కటే రాస్తారు: ఏ నిమిషంలో ఎవరి గొంతు వినబడింది. మార్కులు, సలహాలు, మెచ్చుకోళ్లు ఏవీ వద్దు. నలభై అయిదు నిమిషాల్లో టీచరు గొంతు ముప్పై ఎనిమిది నిమిషాలు వినబడిందని ఆ కాగితం చెబితే వేరే వ్యాఖ్యానం ఎందుకు? మరుసటి వారం స్థానాలు మార్చుకోండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఈ కాగితాలు పట్టుకు వెళ్లండి, అక్కడ మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి విషయం దొరకదు.

పిల్లలను కూడా ఈ శిక్షణలో కలపాలి. కేరళలో ఈ శతాబ్దం మొదట్లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలైన పని 2017లో కైట్ అనే సంస్థగా మారింది. 2018లో వాళ్లు 45,000 తరగతి గదుల్లో పరికరాలు అమర్చారు, అదే ఏడాది ఉన్నత పాఠశాలల్లో లిటిల్ కైట్స్ పేరుతో విద్యార్థి క్లబ్బులు పెట్టారు. గదుల సంఖ్య చూసి అందరూ అబ్బురపడతారు. నాకు మాత్రం ఆ క్లబ్బుల మీదే కన్ను. యంత్రాలను చూసుకోవడం, తోటివారికి నేర్పడం పిల్లలకు అప్పగించారు. మీ బడిలోనూ తరగతికి ఇద్దరిని తీసుకోండి, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఫస్ట్ ర్యాంకు వాళ్లు వద్దు. సైకిల్ చైన్ ఊడితే ఎవరినీ పిలవకుండా తామే వేసుకునే రకం ప్రతి తరగతిలో ఉంటారు, వాళ్లను పట్టుకోండి. యాభై దాటిన టీచరుకు తోటి ఉపాధ్యాయుడిని అడగడం నామోషీగా ఉండవచ్చు. ఎనిమిదో తరగతి పిల్ల వచ్చి 'ఇక్కడ నొక్కండి టీచర్' అంటే ముద్దుగానే ఉంటుంది.

ప్రశ్న: మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతుల పిల్లలు, నేను, నా ఫోను. సిగ్నల్ కావాలంటే చెరువు గట్టు ఎక్కాలి. పిల్లల ఇంటి భాష గోండి, నాకు నాలుగు మాటలే వచ్చు. సాంకేతికతతో బృంద అభ్యసనం ఎలా చేస్తున్నారో ఫారం నింపి పంపమన్నారు. ఏం రాయమంటారు?
— ఎస్.జి.టి. (సెకండరీ గ్రేడ్ టీచరు), ఆదిలాబాద్ జిల్లా

ఫారం సంగతి చివర చూద్దాం. మీ ఫోనులో సిగ్నల్ లేకపోయినా పనిచేసే వస్తువు ఒకటి ఉంది, మాటలు రికార్డు చేసే యాప్. మీకు గోండి రాకపోవడం కూడా ఇక్కడ కలిసొచ్చేదే, ఎందుకంటే పిల్లలు ఏం చెబుతున్నారో మీరు నిజంగానే తెలుసుకోవలసి వస్తుంది.

ముగ్గురేసి జట్టు కట్టండి. ఒకటో తరగతి పిల్ల, మూడో తరగతి పిల్లవాడు, అయిదో తరగతి పిల్ల. రాత్రి ఇంట్లో అవ్వ దగ్గర ఒక కథ విని రమ్మనండి. ఫోను ఇంటికి పంపనక్కర్లేదు. మర్నాడు చెట్టు కింద ఒకటో తరగతి పిల్ల గోండిలో కథ చెబుతుంది, మూడో తరగతి వాడు రికార్డు చేస్తాడు, అయిదో తరగతి పిల్ల వింటుంది. రెండు నిమిషాలు చాలు. తరువాత ముగ్గురూ కలిసి మొదటి నుంచి వింటారు. చిన్నదానికి తన గొంతు తనకు వినబడగానే సిగ్గు, నవ్వు, 'మళ్లీ చెబుతా' అనే పట్టుదల. ఆ 'మళ్లీ' కోసమే యంత్రం. రెండోసారి కథలో మధ్యలో వదిలేసిన ముక్క వచ్చి చేరుతుంది. మూడోసారి విన్నాక పెద్దవాళ్లిద్దరూ ఒక్కో వాక్యం దగ్గర ఆపి మీకు తెలుగులో చెప్పాలి. మీరు అడ్డుపడుతూ ఉండండి: 'ఇప్ప చెట్టు కింద కూర్చున్నది ఎవరు? నక్కా, ముసలమ్మా?' వాళ్లలో వాళ్లు గోండిలో తర్కించుకుని తేల్చి చెబుతారు. అయిదో తరగతి పిల్ల చార్టు మీద తెలుగులో రాస్తుంది, మూడో తరగతి వాడు గోండి మాటలను తెలుగు లిపిలో పక్కన రాస్తాడు, చిన్నది బొమ్మలు వేస్తుంది. మూడు తరగతుల భాషా పాఠం ఒకే చోట అయిపోయింది. నెల తిరిగేసరికి గోడ నిండా కథలు ఉంటాయి, ఎవరికి చదవడం వచ్చినా రాకపోయినా ఫోనులో వినవచ్చు.

గుంజాల గోండి లిపి వెలుగు చూసింది మీ జిల్లా గుంజాల గ్రామంలోనే. 2018లో అది కంప్యూటర్లలో అన్ని లిపులకూ చోటిచ్చే ప్రమాణం యూనికోడ్‌లో చేరింది కూడా. ఊళ్లో ఆ లిపి తెలిసిన పెద్దలు ఎవరైనా ఉంటే బడికి పిలిచి చార్టు మీద రాయించండి.

ఒక జట్టు రికార్డు చేస్తుంటే మిగతా పిల్లలు ఏం చేయాలని మీరు అడుగుతారని తెలుసు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ గార్లు ఏకోపాధ్యాయ బడుల కోసం చేసిన పని మీకు పనికొస్తుంది. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి మెట్ల వరుసలో పెట్టారు. పిల్ల తన మెట్టు తానే చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, ఒక్కోచోట టీచరుతో, ఒక్కోచోట తోటివారితో కూర్చుంటుంది. తమిళనాడులో, కర్ణాటకలో ప్రభుత్వ బడులు ఈ పద్ధతిని తమకు తగినట్టు మలచుకున్నాయి. అట్టముక్కలతో మీరు ఒక పాఠానికి చేసి చూడండి.

ఫారంలో 'పరికరం' అన్న చోట వాయిస్ రికార్డర్ అని, 'సంఖ్య' అన్న చోట 1 అని రాయండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. గ్రూప్ ప్రాజెక్టు అంటారు, అందరి పనీ ఇదే చేస్తుంది. రాత్రి పన్నెండింటి వరకు నా ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు తయారు చేస్తుంది. మార్కులు నలుగురికీ సమానం. ఇదేం న్యాయం?
— ఒక తండ్రి, కడప

న్యాయం కాదు. ఒక్కరు చేయగలిగిన పనిని నలుగురికి ఇస్తే ఒక్కరే చేస్తారు. లోపం మీ అమ్మాయిలోనూ లేదు, ఆ ముగ్గురిలోనూ లేదు, పనిని పంచిన తీరులో ఉంది.

1971లో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో, అంతవరకు విడివిడి బడుల్లో చదివిన నల్లవారి పిల్లలను, తెల్లవారి పిల్లలను, మెక్సికో మూలాలున్న పిల్లలను ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. తగాదాలు మొదలయ్యాయి. ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తను పిలిస్తే ఆయన పాఠాన్నే ముక్కలు చేశాడు. ఒక్కో పిల్లకు ఒక్కో ముక్క. పక్కవారి ముక్క వినకపోతే పరీక్ష రాయలేరు. కాకతీయుల పాఠమే తీసుకోండి. ఒకరికి చెరువులు, ఒకరికి ఓరుగల్లు కోట, ఒకరికి రుద్రమదేవి, ఒకరికి 2021లో యునెస్కో జాబితాలో చేరిన రామప్ప గుడి. ముందు అన్ని జట్లలోని 'చెరువుల' పిల్లలు ఒక చోట చేరి తమ ముక్కను బాగా చదువుకుంటారు, తరువాత సొంత జట్టుకు తిరిగి వచ్చి మిగతావారికి నేర్పుతారు. చివర టీచరు చెరువుల పిల్లను గుడి గురించి అడుగుతారు. మార్కు ఎవరికి వారికే. ట్యాబు ఉంటే నలుగురూ ఒకే ఉమ్మడి డాక్యుమెంటులో రాయవచ్చు. ఎవరు ఏ వాక్యం ఎప్పుడు రాశారో దాని చరిత్రలో ఉంటుంది.

ఇవన్నీ టీచరు చేయవలసినవి. ఈ పేజీ ఆవిడకు చూపించండి, తగవు పెట్టుకోవద్దు. మీరు చేయవలసింది ఒకటి ఉంది. రాత్రి తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ మూసేయండి. ప్రాజెక్టు సగంలోనే బడికి వెళ్లనివ్వండి. తక్కిన సగం ఎవరిదో అప్పుడు బయటపడుతుంది.

ప్రశ్న: మేము డాలస్‌లో వారాంతపు తెలుగు తరగతి నడుపుతున్నాం. మా సొంత ఊరి బడి పిల్లలతో ఇక్కడి పిల్లలను వీడియోలో కలిపాం. అందరూ చేతులు ఊపారు, నవ్వారు, తరువాత ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. ఎలా ముందుకు తీసుకెళ్లాలి?
— ఒక వాలంటీరు, డాలస్

ముందు గడియారం చూడండి. మీ శనివారం ఉదయం పదింటికి ఇక్కడ వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, మీ చలికాలంలో తొమ్మిదిన్నర. ఊళ్లో పిల్లలు అన్నం తిని నిద్రకు జోగుతూ ఉంటారు. నేరుగా కలవడం ఏడాదికి రెండుసార్లు పెట్టుకోండి, మిగతాదంతా రికార్డు చేసిన మాటలతో, ఉమ్మడి డాక్యుమెంటుతో నడపండి.

ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉండే పని కావాలి. మీ ఊరి గురించి తెలుగు వికీపీడియాలో ఏముందో చూడండి. 2003 డిసెంబరులో మొదలైన విజ్ఞాన సర్వస్వం అది, ఎవరైనా రాయవచ్చు, దిద్దవచ్చు. చాలా గ్రామాల వ్యాసాల్లో జనాభా లెక్కలు తప్ప మరేమీ ఉండవు. మీ పిల్లలు ప్రశ్నలు పంపాలి: ఊరి చెరువును ఎవరు తవ్వించారు, బడి ఎప్పుడు పెట్టారు, తిరునాళ్లు ఏ నెలలో? ఊళ్లో పిల్లలు శిలాఫలకాలు చదివి, పంచాయతీ కార్యాలయంలో అడిగి, ఫొటోలు తీసి, జవాబులు తెలుగులో చెప్పి పంపాలి. విన్నది విన్నట్టు రాయడం మీ పిల్లల వంతు, వాళ్ల తెలుగు దిద్దడం ఊరి పిల్లల వంతు. అచ్చులో ఆధారం ఉన్నదే వ్యాసంలోకి ఎక్కాలి, తాతగారు చెప్పినది వేరే పుస్తకంలో దాచుకోవాలి. ఏది ఎందులోకి వెళ్లాలన్న తర్జనభర్జనే ఇందులో పసందైన భాగం. ఖాతా మాత్రం పెద్దల పేరు మీదే ఉండనివ్వండి, పిల్లల పేర్లు ఎక్కడా వద్దు.

ప్రశ్న: జట్టు పని చేస్తున్న పిల్లల ఫొటోలు రోజూ వాట్సాప్ గ్రూపులో పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?
— ఉపాధ్యాయిని, ఖమ్మం

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. సమ్మతి తీసుకోండి, తీసుకున్నా ముఖాలు వద్దు. పిల్లలు గీసిన చార్టు, కాగితం మీద పెట్టిన సంతకాలు లేని భాగం, పని చేస్తున్న చేతులు, ఇవి చాలు. ఇంకో మాట. ఫొటో కోసం పిల్లలను 'ఇటు చూడండి' అన్న క్షణంలో వాళ్ల మాట తెగిపోతుంది. అది మళ్లీ అతుక్కోవడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా జట్టులో ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ట్యాబు ఎప్పుడూ అబ్బాయిలే పట్టుకుంటారు. 'మీ చేతిరాత బాగుంటుంది, మీరు రాయండి' అంటారు. సారుకు చెబితే 'మీలో మీరు సర్దుకోండి' అన్నారు. ఏం చేయాలి?
— ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

సర్దుకోవద్దు తల్లీ. చేతిరాతను మెచ్చుకుంటున్నారని మురిసిపోవద్దు కూడా.

నాలుగు చీటీలు రాసి పెట్టుకో: ట్యాబు, రాత, గడియారం, ప్రశ్నలు. పీరియడు మొదట్లో నలుగురూ తలా ఒకటి తీయండి. గడియారం చీటీ వచ్చినవారు ప్రతి పది నిమిషాలకు 'మార్చండి' అనాలి, అప్పుడు చీటీలు కుడిచేతి వైపు జరుగుతాయి. ప్రశ్నల చీటీ వచ్చినవారికి సారును పిలిచే హక్కు ఉంటుంది, మిగతా ముగ్గురికీ ఉండదు. అబ్బాయిలు మొదటి రోజు గొణుగుతారు. రాత చీటీ వాళ్లకు వచ్చిన రోజు వాళ్ల కోడిగీతలు చూసి మీరు నవ్వకండి, నేర్పండి.

ట్యాబు చేతికి వచ్చినప్పుడు భయపడి 'నువ్వే చెయ్యి' అని తిరిగి ఇచ్చేయకు. పాడైతే ఎలా అని బెంగ వద్దు, అది వాళ్ల చేతుల్లో పాడవగలిగినంతే నీ చేతుల్లోనూ పాడవుతుంది. ఈ పద్ధతి రెండు వారాలు నడిపాక ఎలా ఉందో నాకు రాయి. మీ సారుకు ఈ పేజీ చూపించు, నీ పేరు ఇందులో లేదు కనుక ఇబ్బంది ఉండదు.